నిండు చెరువు ఎవరికి, ఖాళీ చెరువు ఎవరికి

పోచంపల్లికి రైలు రాదు. సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు పోయే లైను మీద ఉన్న బీబీనగర్ ఆ ఊరికి దగ్గరి స్టేషన్లలో ఒకటి. బీబీనగర్ దాటాక పగిడిపల్లి దగ్గర ఇంకో లైను చీలుతుంది. అది నాగిరెడ్డిపల్లి, వలిగొండ, రామన్నపేట, నల్లగొండ మీదుగా గుంటూరు వైపు సాగుతుంది. పట్టాలు ఊరి పొలిమేర తొక్కకపోయినా, ఈ ప్రాంతంలో ఏ చెరువునైనా బాగుచేద్దామని కూర్చున్నప్పుడు ఆ రెండో లైనును పక్కన పెట్టి మాట్లాడలేం.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గర నీళ్లలో పడింది. రైలు అక్కడికి చేరేసరికే ఒక చిన్న వంతెన వరదకు కొట్టుకుపోయింది. వందమందికి పైగా చనిపోయారు. వంతెనను కోసిన ఆ నీళ్లు పెద్ద నదివి కావు. ఎడతెగని వానకు ఎగువన చెరువులకు గండ్లు పడి, ఒక్కసారిగా కిందికి దూకిన నీళ్లు. రైల్వే లెక్కల్లో అది రైలు ప్రమాదం. నీటి లెక్కలో మాత్రం అది చెరువు ప్రమాదం.

చెరువు పునరుద్ధరణ అనగానే మన కళ్ల ముందు ఒకే బొమ్మ కదులుతుంది. అంచుదాకా నిండిన నీళ్లు, కట్ట మీద దీపాలు, సాయంత్రం నడిచే జనం. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కానీ చెరువు ఎప్పుడూ నిండుగా ఉండాలని కోరుకునేవాళ్లు కొందరే. రైతుకు యాసంగి నాట్ల నాటికి నిండుగా కావాలి, ఎండాకాలానికి అడుగంటినా పరవాలేదు. చేపలు పట్టేవాళ్లకు నీళ్లు నెమ్మదిగా తగ్గుతూ రావాలి. రైల్వే ఇంజనీరుకు పెద్ద వాన పడేనాటికి చెరువులో కొంత ఖాళీ కావాలి. పర్యాటకుడికి ఏ ఆదివారం వచ్చినా నిండుగా కనిపించాలి. ఒకే గుంతలోని నీటి మీద ఇన్ని కోరికలున్నప్పుడు ఏది ముందు, ఏది వెనక? ఈ అధ్యాయంలో తేల్చుకోవలసింది అదే.

గొలుసు ఎలా పనిచేస్తుంది

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతం గట్టి గ్రానైటు రాతి మీద పరుచుకున్న నేల. పైన పలచని ఎర్రమట్టి, దాని కింద చివికిన రాయి, ఆ కింద చెక్కు చెదరని బండ. నీళ్లను దాచుకునే మందపాటి ఇసుక పొరలు ఇక్కడ లేవు. వాన ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు దాకా కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడిపోతుంది. అలాంటి చోట నేల ఉపరితలం మీదే నీళ్లను ఆపుకోవాలి. మన పూర్వులు చేసిన పని అదే. వాగు వాలు పొడవునా ఒకదాని కింద ఒకటిగా కట్టలు పోశారు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకా కిందికి. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం. మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైనప్పుడు తెలంగాణ మొత్తంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకు వచ్చాయి.

గొలుసు బలమంతా మత్తడిలో ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. 10 చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. సగం నీళ్లు నేల పీల్చుకున్నా, మిగిలిన సగం 5 లక్షల ఘనమీటర్లు, అంటే 50 కోట్ల లీటర్లు. ఆ నీళ్లు అప్పటికే నిండి ఉన్న చెరువులోకి వచ్చి 20 మీటర్ల వెడల్పున్న మత్తడి మీదుగా అరమీటరు మందంతో దుంకుతుంటే సెకనుకు సుమారు 12 ఘనమీటర్లు బయటికి పోతాయి. 50 కోట్ల లీటర్లు పోవడానికి పదకొండు గంటలకు పైగా పడుతుంది. కింది ఊరికి, కింది వంతెనకు ఆ వ్యవధి చాలు.

ఇప్పుడు మత్తడికి బదులు కట్టకే 20 మీటర్ల గండి పడి, నీళ్లు మూడు మీటర్ల లోతున పోతున్నాయనుకోండి. వెడల్పు మారలేదు, లోతు ఆరు రెట్లయింది. నీటి ప్రవాహం లోతుతో సమంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. లోతు ఆరు రెట్లయితే ప్రవాహం దాదాపు పదిహేను రెట్లవుతుంది. సెకనుకు 12 ఘనమీటర్లు కాస్తా 175 దాటుతాయి. అదే జోరు నిలిస్తే పదకొండు గంటల నీళ్లు ముప్పావుగంటలో వెళ్లిపోతాయి. నిజమైన గండిలో మట్టం తగ్గేకొద్దీ జోరూ తగ్గుతుంది. అయినా మొదటి అరగంటలో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. ఆ నీళ్లు చేరిన కింది చెరువు కట్ట కూడా తెగితే, రెండు చెరువుల నీళ్లు కలిసి మూడోదాని మీద పడతాయి.

ఇది కాగితం మీది భయం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. ఆ తరువాత కారణాలు పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్కతేల్చారు. వాన ఒక కారణం. వరసగా తెగిన కట్టలు ఇంకో కారణం. అందుకే ఆయన సలహాలో పెద్ద జలాశయాల్లో వరద కోసం ఖాళీ జాగా ఉంచడం ముఖ్యమైన భాగమైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచే వచ్చాయి. తాగునీటి కోసం నిండుగా, వరద కోసం కొంత ఖాళీగా ఉండాల్సిన జలాశయాలు అవి.

రైలు కట్ట కూడా ఒక కట్టే

రైలు ఎత్తుపల్లాలను సహించదు. లోయ వస్తే మట్టి పోసి కట్ట లేపుతారు, గుట్ట వస్తే తొలుస్తారు. ఆ మట్టికట్ట వాగుకు అడ్డంగా పోయిన ప్రతిచోటా నీళ్లకు దారి కావాలి కాబట్టి కల్వర్టో వంతెనో పెడతారు. నీటి దృష్టితో చూస్తే రైలు కట్ట ఎవరూ కోరని ఆనకట్ట. కల్వర్టు దాని తూము. మత్తడి మాత్రం దానికి లేదు. తూము చాలకపోతే నీళ్లు ఎగువన పేరుకుని పట్టాల మీదుగా పొర్లాలి, లేదా అడుగున ఉన్న మట్టిని కోయాలి.

మరి కల్వర్టు ఎంత వెడల్పు ఉండాలి? ఎన్నేళ్లకు ఒకసారి వచ్చే వరదను తట్టుకోవాలో ముందు నిర్ణయించుకుని ఇంజనీర్లు లెక్క కడతారు. 50 ఏళ్ల వరద అంటే 50 ఏళ్లకు ఒకసారి తప్పక వచ్చి మళ్లీ 50 ఏళ్లు రాని వరద అని చాలామంది అనుకుంటారు. దాని అసలు అర్థం, ఏ ఏడాదైనా ఆ వరద రావడానికి నూటికి రెండు వంతుల అవకాశం ఉందని. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం నూటికి 45. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ లెక్క వాననూ, పరీవాహకాన్నీ, వాలునూ చూస్తుంది. ఎగువ చెరువు తెగితే వచ్చే నీళ్లు ఏ వాన లెక్కకూ అందవు. సరిగ్గా లెక్కగట్టి కట్టిన వంతెన కూడా తెగిన చెరువు ముందు నిలవలేదు.

అందుకే మన రైల్వేలు పట్టాలకు ముప్పు తేగల చెరువుల జాబితా విడిగా ఉంచుతాయి. రైల్వే ఇంజనీర్లు, రాష్ట్ర నీటిపారుదల శాఖవాళ్లు కలిసి వానకాలానికి ముందు ఆ కట్టలను చూడాలన్నది నియమం. వానకాలంలో పట్టాల వెంట గస్తీ తిరుగుతారు, ముప్పున్న చోట కాపలా పెడతారు. ఈ జాగ్రత్తల వెనక పాత గాయాలున్నాయి. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వాగు మీది వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి మళ్లీ అంతమంది పోయారు. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు ప్రమాదం తరువాత ఆ రాజీనామా ఆమోదం పొందింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య వరద పట్టాల కింది కంకరను, మట్టిని ఊడ్చుకుపోయింది. ఎగువన అయోధ్య గ్రామ చెరువు తెగింది. పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లను ముందే ఆపేయడంతో వలిగొండ మళ్లీ జరగలేదు.

రైలు కట్ట నీటి తీరును మార్చే పద్ధతులు ఇంకా ఉన్నాయి. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ మీదుగా 1959లో రాళ్లతో రైలు కట్ట పోశారు. కట్టకు ఉత్తరాన నదులేవీ కలవవు, మంచినీళ్లన్నీ దక్షిణాన కలుస్తాయి. ఒకే సరస్సు రెండుగా చీలింది. ఉత్తర భాగం ఉప్పు పేరుకుని గులాబీరంగుకు తిరిగింది. 2016లో ఆ కట్టకు వంతెనతో కూడిన కొత్త దారి తెరిచి నీళ్లను మళ్లీ కలపాల్సి వచ్చింది. పట్టాలు వేసేటప్పుడు నీళ్లను అడగకపోతే తరువాతి తరం మళ్లీ తవ్వాలి.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. వలిగొండ మీదుగా పోయే గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల లైనుకు రెండో పట్టా వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. రెండో పట్టా అంటే కట్ట వెడల్పవుతుంది, ప్రతి కల్వర్టూ పొడవవుతుంది. పాత కల్వర్టు ఎంత సన్నగా ఉందో అంతే సన్నగా పొడిగిస్తే అదే ఇరుకు ఇంకో నూరేళ్లు నిలుస్తుంది. ఎగువ చెరువుల మత్తడులు, వాగులు, కబ్జాలు అన్నీ ఒక్క పటం మీద గీసి వెడల్పు చేస్తే, వలిగొండ పాఠం కాంక్రీటులోకి దిగుతుంది.

పోచంపల్లి నీళ్లు

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు అక్కడి దళితులు 80 ఎకరాలు అడిగారు. అందులో 40 ఎకరాలు తరి, అంటే నీళ్లు పారే భూమి; 40 ఎకరాలు ఖుష్కి, అంటే మెట్ట. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆ కోరికలో సగం తరి ఉండటం గమనించాల్సిన సంగతి. ఈ నేలలో భూమి విలువ దాని మీదికి నీళ్లు వస్తాయా రావా అన్నదాన్ని బట్టే ఉండేది. చెరువు తూము ఎంతదాకా తడిపితే అంతదాకా తరి. ఆపైన జొన్న, ఆముదం, కంది.

ఇప్పుడు ఆ లెక్క మారింది. హైదరాబాదు వాడి వదిలిన నీళ్లతో మూసీ ఏడాది పొడవునా పారుతుంది. పోచంపల్లి మండలంలోని పిల్లాయిపల్లి దగ్గర మొదలయ్యే కాలువ ఆ నీళ్లను ఊళ్లకు, చెరువులకు మళ్లిస్తుంది. కరువు నేలకు ఏడాది పొడవునా నీళ్లు రావడం చిన్న విషయం కాదు. కానీ దాంతోపాటు మూడు సమస్యలు వచ్చాయి.

మొదటిది, నీళ్లలోని పోషకాలు. నగరపు మురుగులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. పొలానికి అది ఉచిత ఎరువు. నిలిచిన చెరువులో మాత్రం అదే గుర్రపు డెక్కకు, నాచుకు మేత. ఎండ బాగా ఉన్న రోజుల్లో గుర్రపు డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అది కప్పేసిన నీటికి వెలుతురు అందదు. చచ్చి కుళ్లినప్పుడు ఆక్సిజన్ తగ్గి చేపలు తేలతాయి. ఇక్కడి నేతపని వల్ల ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగులద్దుతారు. అద్దకం నీళ్లలో రంగుతోపాటు లవణాలు, క్షారాలు ఉంటాయి. ఇంటింటా కొద్దికొద్దిగా పుట్టే ఆ నీళ్లను ఒకచోట చేర్చి శుద్ధి చేస్తే చెరువుకు చేరకుండా ఆపడం కష్టం కాదు.

రెండోది అంతగా ఎవరి కంటా పడదు. వాన నీళ్లతో మాత్రమే నిండే చెరువు ఏటా ఎండుతుంది. ఎండినప్పుడు కట్ట లోపలి వాలు కనబడుతుంది. ఎక్కడ రాయి జారింది, ఎక్కడ ఎలుక బొరియ చేసింది, తూము పక్కన ఎక్కడ బుంగ పడుతోంది అన్నవన్నీ తెలుస్తాయి. ఏడాదంతా నిండి ఉండే చెరువు తన జబ్బు దాచుకుంటుంది.

మూడోది ఈ అధ్యాయానికి ప్రాణం. కాలువ నీళ్లతో ఆగస్టుకే నిండిపోయిన చెరువులో అక్టోబరు వానకు చోటుండదు. వలిగొండ ప్రమాదం జరిగింది అక్టోబరు నెలాఖరులో. వానకాలం ముగిసి చెరువులన్నీ నిండి, నేల నీళ్లు పీల్చడం మానేసిన రోజులవి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమూ అదే. ఒక చెరువు వరదను ఎంత ఆపుతుందో చెప్పేది దాని మొత్తం సామర్థ్యం కాదు, ఆ రోజున అందులో మిగిలిన ఖాళీ. 50 హెక్టార్ల విస్తీర్ణంలో ఒక్క మీటరు ఖాళీ ఉంటే ముందు మనం లెక్కవేసిన 5 లక్షల ఘనమీటర్ల వరద మొత్తం అందులో ఇమిడిపోతుంది. చూడడానికి వెలితిగా కనిపించే ఆ మీటరే కింది వంతెనకు బీమా.

ఏ బాగు, ఎంత బాగు

చెరువు బాగు కోసం ముందుండే మార్గాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

పూడికతీత అందరికీ ఇష్టమైనది. మిషన్ కాకతీయలో యంత్రాలతో తవ్వి పోస్తే రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నారు. ఆ ఒండ్రులో బంకమట్టి ఎక్కువ కాబట్టి ఎర్రచెల్కలు తేమను పట్టుకుంటాయి. ఒక హెక్టారులో ఒక అడుగు పూడిక తీస్తే 30 లక్షల లీటర్ల చోటు వస్తుంది. అయితే తూము మట్టం కంటే కిందికి తవ్విన చోటు ఆయకట్టుకు పనికిరాదు. అక్కడి నీళ్లు తూములోకి ఎక్కవు. చేపలకు, భూగర్భంలో ఊటకు మేలు చేస్తాయి. వరదకు మాత్రం ఆ చోటు ఏమంత సాయపడదు, మొదటి వానకే నిండిపోతుంది. కట్ట పాదం దగ్గర తవ్వితే కట్టే బలహీనపడుతుంది. మురుగు చేరిన చెరువుల్లో పూడికను పరీక్ష చేయించకుండా పొలానికి తోలకూడదు.

మత్తడి, తూము, వాగుల మరమ్మతులో ఫొటోకు దిగే అందం లేదు. చెరువు ప్రాణం మాత్రం అక్కడే ఉంది. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచడం, చేపలు పోకుండా అడ్డంగా వలలు బిగించడం, మత్తడి కింది వాగులో ఇళ్లు లేపడం చాలా ఊళ్లలో మామూలైపోయాయి. మత్తడి ఒక అడుగు పెరిగితే నీళ్ల మట్టానికీ కట్ట తలకూ మధ్య ఉన్న రక్షణ ఒక అడుగు తరిగినట్టే. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే దాన్ని ఆపడం మనుషుల తరం కాదు.

మురుగును అడ్డుకోవడం మూడో మార్గం. శుద్ధి కేంద్రాలు ఎగువన హైదరాబాదులో పనిచేయాలి. అది పోచంపల్లి చేతిలో లేదు. ఊరి చేతిలో ఉన్నది, కాలువ నీళ్లు చెరువులోకి దిగే చోట చిన్న మడుగు, ఆ తరువాత తుంగ, జమ్ము పెరిగే తడినేల. నీళ్లు నెమ్మదిస్తే మట్టి, క్రిముల గుడ్లు అడుగుకు చేరతాయి. మూసీ మీద వలిగొండ మండలంలోని భీమలింగం కత్వ లాంటి పాత అడ్డుకట్టలు తెలియకుండానే చేస్తున్న పని ఇదే. నీళ్లు ఒక కత్వ నుంచి ఇంకో కత్వకు ఆగి ఆగి పోతున్నకొద్దీ దిగువన కొంత తేరుకుంటాయని మూసీ మీద పరిశోధనలు తేల్చాయి. ఆ మడుగులో పేరుకున్న బురదను, కోసిన జమ్మును ఎప్పటికప్పుడు తీసేయాలి. తీయకపోతే పట్టుకున్న భాస్వరాన్ని అది మళ్లీ చెరువుకే వదులుతుంది.

నడక బాట ఎక్కడ

2021 డిసెంబరులో ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ప్రకటించింది. మగ్గాలు, భూదాన చరిత్ర, చెరువు మూడూ ఒకే చోట దొరికే ఊరు అది. బీబీనగర్ స్టేషన్లో దిగి సైకిల్ మీద రాగలిగే దూరమే. కాబట్టి నడక బాట, సైకిల్ బాట అడగడం న్యాయమైన కోరిక. బాట ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న.

మన దగ్గర నమూనా హుస్సేన్‌సాగర్. పాత ట్యాంక్‌బండ్ చెరువు కట్ట మీదే ఉంది. కట్టకు ఎలాగూ వెడల్పు, గట్టిదనం కావాలి కాబట్టి అక్కడ నడక వల్ల చెరువుకు నష్టం లేదు. 1990లలో పడమటి ఒడ్డున వేసిన నెక్లెస్ రోడ్డు సంగతి వేరు. చెరువుకు, రైలు పట్టాలకు మధ్యనున్న ఒడ్డు రోడ్డుగా, పార్కులుగా మారింది. నీళ్లు పెరిగినప్పుడు పరుచుకోవడానికి, తగ్గినప్పుడు గడ్డి మొలిచి పక్షులు మేయడానికి ఉన్న పల్లపు అంచు పోయింది. ఊరూరా మినీ ట్యాంక్‌బండ్ కట్టుకునేటప్పుడు ఈ రెంటిలో దేన్ని అనుకరిస్తున్నామో తెలిసి ఉండాలి.

చెరువు కట్ట వైపు లోతుగా, ఎగువ వైపు పలచగా ఉంటుంది. ఆ పలచని అంచే శిఖం. నీళ్లు తగ్గినప్పుడు అందులో పంటలు, పశువుల మేత, చేపపిల్లలకు ఆశ్రయం. అక్కడ చుట్టూ సిమెంటు బాట వేస్తే అది ఇంకో రైలు కట్ట అవుతుంది, చెరువులోకి వచ్చే నీళ్లను ఆపుతుంది. కట్ట మీది బాటకు ఆ దోషం లేదు. దానికీ కొన్ని నియమాలున్నాయి. పెద్ద చెట్లు కట్ట మీద నాటకూడదు, వేర్లు కుళ్లితే నీళ్లకు సొరంగాలవుతాయి. బయటి వాలును టైల్సుతో కప్పకూడదు, చెమ్మ ఊరితే కనబడాలి. బతుకమ్మ మెట్ల కోసం రాతి పేర్పును కోస్తే మళ్లీ అంత గట్టిగానూ కట్టాలి. మత్తడిని మూసి మీదుగా బాట పోనివ్వకూడదు, నీళ్లకు అడ్డుపడని సన్నని వంతెన వేయాలి.

ఒకప్పుడు చెరువు కట్ట మీద రోజూ నడిచే మనిషి ఒకరుండేవారు. ఆయన నీరటి. తూము తెరవడం, మూయడం, కట్టకు పట్టిన చెమ్మను మొదట చూడడం ఆయన పని. చాలా ఊళ్లలో ఆ ఏర్పాటు సడలిపోయింది. నడక బాటకు నేను ఓటు వేసేది ఈ కారణంతోనే. రోజూ వందమంది నడిచే కట్ట మీద బుంగ దాగదు. బాట ఆరంభంలో నేటి నీటిమట్టం చూపే కొలబద్ద, ప్రమాద మట్టం దగ్గర ఎర్రగీత, తప్పు కనిపిస్తే ఫోను చేయాల్సిన నంబరు పెడితే నడిచేవాళ్లంతా నీరటులవుతారు. రైల్వే గస్తీకి ఊరి గస్తీ తోడవుతుంది.

జల్లెడ పట్టి, ఆ తరువాత తూచాలి

ఇలాంటి తగవుల్లో నిపుణులు సాధారణంగా పట్టిక గీస్తారు. ఒక్కో మార్గానికి భద్రతకు ఇన్ని మార్కులు, సాగుకు ఇన్ని, అందానికి ఇన్ని అని వేసి కూడతారు. కూడికలో ఒక మోసం దాగి ఉంది. అందానికి, ఆదాయానికి వచ్చిన మార్కులు భద్రతలో పోయిన మార్కులను కప్పేస్తాయి. బియ్యాన్ని తూచే ముందు జల్లెడ పట్టి రాళ్లు తీసేసినట్టు, కొన్ని మార్గాలను తూకానికి ముందే తీసేయాలి. మత్తడిని ఇరుకు చేసేది, శిఖాన్ని ఆక్రమించేది, కింది వంతెన మోయలేని వరదను పంపేది ఎంత అందంగా ఉన్నా జల్లెడ దాటకూడదు. మిగిలినవాటిని ఖర్చు, సాగు, చేపలు, పర్యాటకం చూసి తూచుకోవచ్చు.

తూచేటప్పుడు అన్ని మార్గాలనూ ఒకే కొలమానంతో చూడాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో 1951లో ఆనకట్ట కట్టి ఏర్పరచిన క్యాపిటల్ లేక్ పూడికతో, కలుపుతో చెడిపోయింది. సరస్సుగానే ఉంచాలా, ఆనకట్ట తీసి సముద్రపు పోటు నీళ్లను రానివ్వాలా, రెండూ కలపాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందన్నదాన్ని కూడా వాటి పక్కన పెట్టి పరిశీలించి, 2022లో ఆనకట్ట తీసే మార్గాన్ని ఎంచుకున్నారు. వాళ్ల తీర్పు మనకు పనికిరాదు, మన చెరువులకు కట్ట తీయడం ప్రశ్నే కాదు. వాళ్ల పద్ధతి పనికివస్తుంది.

నా తీర్పు ఇది. మొదటి డబ్బు మత్తడికి, మత్తడి కింది వాగుకు, రైలు కల్వర్టుకు పోవాలి. ఈ మూడూ ఒకే నీటి దారిలోవి కాబట్టి ఒకే పటం మీద, నీటిపారుదల శాఖ, రైల్వే కలిసి చూడాలి. రెండోది కాలువ నోటి దగ్గర తడినేల. మూడోది తూము మట్టానికి పైన పూడికతీత. నాలుగోది కట్ట మీద నడక బాట. నాలుగోది చివర ఉందని తక్కువ కాదు. మొదటి మూడూ పాడవకుండా కాపలా కాసేది అదే.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది ఒక క్యాలెండరు. ఏప్రిల్, మే నెలల్లో కాలువ నీళ్లు ఆపి చెరువును దించాలి, కట్టను చూడాలి, మరమ్మతు చేయాలి. జూన్ నుంచి వాన నీళ్లతో నింపాలి. ఆగస్టు నుంచి అక్టోబరు చివరిదాకా కాలువ తలుపు మూసి, మత్తడి మట్టానికి ఒక మీటరు తక్కువగా ఉంచాలి. నవంబరులో పెద్ద వానల భయం తగ్గాక కాలువ నీళ్లతో పూర్తిగా నింపి యాసంగికి ఇవ్వాలి. పర్యాటకులు ఎక్కువగా వచ్చే చలికాలానికి చెరువు ఎలాగూ నిండే ఉంటుంది. రైతు, రైలు, బాటసారి ముగ్గురి కోరికా తీరుతుంది, ఏ ఒక్కరికీ ఏడాది పొడవునా తీరదు, అంతే.

మీ ఊరి చెరువుకు సుందరీకరణ నిధులు వచ్చాయని విన్న రోజున గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. మత్తడి వెడల్పు ఎంత? దాని కింది వాగు ఎక్కడ రైలునో, రోడ్డునో దాటుతుంది? అక్టోబరులో ఈ చెరువులో ఎంత ఖాళీ ఉంచుతారు? ఈ మూడింటికీ అంకెలతో జవాబు వచ్చేదాకా దీపస్తంభాలకు సంతకం పెట్టకండి.